పరదేశంలో నొప్పి మాత్ర

చాగలమర్రి వంటి మన రాయలసీమ ఊళ్లలో ఒళ్లు నొప్పులైనచో మందుల దుకాణానికి వెళ్లి “ఒక నొప్పి మాత్ర ఇవ్వండి” అనుట పరిపాటి. ఈ అలవాటుతోనే గల్ఫ్ దేశాలకు పయనమగుట క్షేమం కాదని మా అభిప్రాయం.

మాత్ర కొనునపుడు అట్టపై మందు పేరు చదువవలెను. మనకు క్రోసిన్, డోలోగా తెలిసిన పారాసెటమాల్ గల్ఫ్‌లో పెనడాల్‌గా, అమెరికాలో టైలెనాల్‌గా లభించును. జలుబు మాత్రలలోనూ తరచు ఇదే మందు కలిసి ఉండును. తెలియక రెండూ మ్రింగినచో మోతాదు రెట్టింపగును. పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు మించినచో కాలేయానికి ప్రమాదం. ఎండలో పనిచేసి, చెమటతో ఒంటిలో నీరు తగ్గినవేళ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడుట మూత్రపిండాలకు చేటు.

ట్రమడాల్ కలిసిన మాత్రల విషయంలో మరింత జాగరూకత అవసరం. మన ప్రభుత్వం 2018లో దానిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చినది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో అది నియంత్రిత ఔషధం. ముందస్తు అనుమతి, వైద్యుని చీటీ లేక వెంట తీసుకొనిపోరాదు. మన వంటింటి గసగసాలు సైతం అక్కడ నిషిద్ధం. మూలికా చూర్ణాలనైనను పేరు, వివరాలు లేని పొట్లాలలో కట్టి తీసుకొనిపోవుట తగదు.

శ్రమవలన కలిగిన నొప్పికి వేడినీటి కాపడం, విశ్రాంతి ఏ దేశంలోనైనను సాధ్యమే. వాటికి లొంగని నొప్పికి వైద్యుని ఆశ్రయించవలెను. ఛాతీ నొప్పి అయినచో క్షణమైనను ఆలస్యం చేయరాదు.