వాహన సంరక్షణ: తారు మరకను గీకవద్దు, కరిగించండి

రహదారుల మరమ్మతులు ముమ్మరంగా సాగేది వేసవిలోనే. కొత్తగా తారు వేసిన దారిన ప్రయాణించి వచ్చిన కారును పరిశీలిస్తే, చక్రాల వెనుక భాగాన, తలుపుల అడుగు అంచుల వెంబడి నల్లని చుక్కలు అంటుకొని కనిపిస్తాయి. సబ్బునీళ్లతో ఎంత కడిగినా అవి చెక్కుచెదరవు. అటువంటప్పుడు బ్లేడో, గిన్నెలు తోమే పీచో, సీసాలో పోసిన పెట్రోలో అందుకోవడం పలు ఇళ్లలో పరిపాటి. ఈ మూడూ తగనివే. మొదటి రెండింటి వల్ల రంగుకు హాని, మూడవదాని వల్ల ప్రాణానికే ముప్పు.

మనం వాడుకగా తారు అంటున్నా, నేడు రోడ్లకు వేసేది ప్రధానంగా బిటుమెన్. ముడిచమురును శుద్ధి చేసినప్పుడు చివరకు అడుగున మిగిలే చిక్కని పదార్థమిది. కోక్ ఓవెన్లలో బొగ్గు నుండి వెలువడే అసలు తారు వేరు. బిటుమెన్ నీటిలో కరగదు; తన జాతికే చెందిన నూనెలలో కరుగుతుంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక కారు రంగు సంగతి. తుప్పును అడ్డుకొనే ప్రైమరు, దానిపై రంగు, అన్నింటికీ పైన పారదర్శకమైన మెరుపు పూత, ఇవన్నీ కలిపినా మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లే. అనగా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మెరుపు పూత అందులో సగం కూడా ఉండదు. బ్లేడు గీత ఇనుము దాకా దిగిందంటే, సముద్రతీరపు ఉప్పుగాలిలో తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

పెట్రోలు తారును ఇట్టే కరిగిస్తుందన్నది నిజమే. కాని సున్నాకు 40 డిగ్రీల దిగువన సైతం దాని ఆవిరి అంటుకోగలదు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేల వెంబడి పాకి, దూరాన ఉన్న పొయ్యినో, దీపాన్నో చేరగలదు. పైగా పెట్రోలులో కొద్దిపాళ్లలో ఉండే బెంజీను క్యాన్సర్ కారకం. థిన్నరు, ఎసిటోను అయితే తారుతో పాటు రంగునూ పాడుచేస్తాయి.

సరైన పద్ధతి ఇది. బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడనివ్వండి. ముందుగా కారు షాంపూతో కడిగి ఇసుక, దుమ్ము పూర్తిగా తొలగించండి. లేనిచో తుడిచేటప్పుడు ఆ ఇసుకే గీతలు పెడుతుంది. మెత్తని పాత బనియను గుడ్డను కొబ్బరినూనెలో తడిపి, మరకపై ఐదు నిమిషాలు ఆనించి ఉంచండి. తరువాత ఒత్తకుండా తుడుస్తూ, ప్రతిసారీ గుడ్డను శుభ్రమైన వైపునకు మడవండి. మరక మొండిదైతే రెండు మూడు సార్లు చేయవలసి రావచ్చు. అప్పటికీ లొంగకుంటే తారు మరకల కోసమే విక్రయించే ద్రావకాన్ని గాని, కొద్దిగా కిరోసిను గాని వాడవచ్చు. ముందుగా తలుపు లోపలి అంచున కనబడని చోట పరీక్షించడం మంచిది. చివరగా షాంపూతో మళ్లీ కడిగి, ఆరిన తరువాత మైనపు పాలిష్ పట్టించండి. స్కూటరు, మోటారు సైకిలు మడ్‌గార్డులకూ ఇదే పద్ధతి.

కిరోసిను విషయంలోనూ ఏమరుపాటు తగదు. భారతీయ ప్రమాణాల ప్రకారం దాని ఆవిరి అంటుకొనే కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. మన వేసవి మధ్యాహ్నాలు దానిని సునాయాసంగా దాటుతాయి! కనుక ఆ పని ఉదయపు చల్లదనంలో, ఆరుబయట, చేతితొడుగులు ధరించి చేయాలి. నిప్పును, పిల్లలను దూరంగా ఉంచాలి. తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయక, బయట పరచి ఆరనివ్వాలి. రబ్బరు బీడింగులకు, ప్లాస్టిక్ దీపపు అద్దాలకు, ఇటీవల మరల రంగు వేయించిన భాగాలకు కిరోసిను తగలరాదు. అక్కడ కొబ్బరినూనె, ఓర్పు చాలు.

అన్నిటికన్నా మేలైనది మరక పడకుండా చూసుకోవడం. కొత్త తారు రోడ్డుపై వేగం తగ్గించి, ముందు బండికి తగినంత ఎడం పాటించండి. పడిన మరకను ఆ వారంలోనే తీసివేయండి. నాళ్లు గడిచినకొద్దీ తారు గట్టిపడుతుంది, లేత రంగు కార్లపై గోధుమవర్ణపు ఛాయ మిగులుతుంది. ఆదివారం ఉదయం ఒక అరగంట, ఒక పాత గుడ్డ, కాస్త కొబ్బరినూనె కేటాయిస్తే, వేల రూపాయల పెయింటింగు ఖర్చు తప్పుతుంది.