తెరమీది కత్తియు పెట్టెలోని గంటమును

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి పరీక్షలో, నన్నయ కాలమున గ్రంథము వ్రాయుటకు వాడిన సాధనమేది యని యడిగితిని. ఒక బాలుడు "నెమలి యీక" యని వ్రాసెను. తప్పని కొట్టివేసితిని. వాడు లేచి, "సినిమాలో చూచితినండి మాస్టారూ!" యనెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. గంటమును కంటితో చూచిన పిల్లలు మనలో నెందరు? వారికి తెరయే వస్తుప్రదర్శనశాల.

"భక్త పోతన" కాలమునుండియు కవుల కథలన్న తెలుగు తెరకు ప్రీతియే. ఏ చిత్రమును పేర్కొని నిందించుట నా యుద్దేశము గాదు. కాని తాటియాకుపై నీకతో వ్రాయించు దర్శకు డొక్కసారి మన ఉండి కాలువగట్టున నాకు గోసి ప్రయత్నించి చూడవలెను. ఉత్తరదేశమున శ్రీతాళపత్రములపై సిరాతో వ్రాసినవా రున్నారు. మన ప్రాంతమున గంటపు మొనతో గీయుటయే వాడుక. గీచిన పిదప మసియు నూనెయు పూసి తుడిచినచో, గీతలలో నలుపు నిలిచి యక్షరము లగపడును. ఎడమచేతి బొటనవ్రేలికి గంటమును ఆనించి, ఆకునే మెల్లగా జరుపుచు వ్రాసెడివారు. ఈకతో గాలిలో విలాసముగా నాడించుటకు అచ్చట తావు లేదు.

ఇట్టి తప్పులు పట్టుట మన బాలుర కిప్పు డొక యాటయైనది. నేను వల దనను. కాకతీయుల వంటయింట ఎండుమిరపకాయలు కనబడిన నవ్వవచ్చును. మిరప సముద్రము దాటి పోర్చుగీసువారితో వచ్చినది, వారి యోడలు మన తీరము చేరినది 1498లో. తుప్పుపట్టని యుక్కును షెఫీల్డు నగరమున బ్రేర్లీ యనువాడు 1913లో గాని చేయలేదు. 1857 నాటి సిపాయి చేత ఎఱ్ఱపిడి స్విస్ చాకు ఉన్నచో అది యిక చెప్పనే యక్కఱలేదు.

అయితే ఈ యాటలో నేనే యొకమారు బోర్లపడితిని. ఒక చిత్రములో పూర్వకాలపు లేఖకుడు రొంటినుండి మడతకత్తి తీసి ఆకు చివరలు కోసెను. "మడతచాకు దొరలతో వచ్చినది, ఇది తప్పు" అని తరగతిలో గట్టిగా జెప్పితిని. మూడవనాడు కొల్లేటి వైపునుండి ఒక విద్యార్థి తాతగారు గుడ్డమూటతో వచ్చిరి. విప్పి చూపగా ఒకే పిడి. ఒకవైపు చిన్న కత్తి, రెండవవైపు గంటము, రెండును పిడిలోనికి మడుచుకొనును. వారి పూర్వులు కరణీకము చేసినవారట. "మాస్టరుగారూ, ఇది మా ముత్తాతగారిది. ఏ దొరయు మాకీయలేదు" అని యాయన మృదువుగానే పలికిరి. రోమను చక్రవర్తుల కాలముననే మడతకత్తు లుండెనని పిదప చదివి మఱింత సిగ్గుపడితిని. మరునాడు తరగతిలో నా తప్పు నేనే చెప్పుకొంటిని. నవ్విన బాలురకంటె, ఇంటికి పోయి తాత నడిగిన యా యొక్క బాలుడే నాకు మెచ్చదగినవాడుగా దోచెను.

ఆ గంటమును పాఠశాల కిమ్మని యడిగితిని. ఆయన యొప్పుకొనలేదు. అంతకుముందు దానితో మనుమలు పెన్సిళ్లు చెక్కుచుండిరట. ఇప్పుడు పెట్టెలో పెట్టి తాళము వేసిరట. వార్షికోత్సవమున నొక్కపూట మాత్రము తెచ్చి చూపెద నన్నారు. తల్లిదండ్రుల యిండ్లలో అటకలమీద ఇట్టివి యున్న యెడల ఆ దినమున తేవలసినదిగా ప్రార్థించుచున్నాను. దయచేసి తోమి మెఱుగు పెట్టవలదు. ఉన్నవి యున్నట్లే తెండు.