గుడ్డు బండికి ఏసీ ఎందుకు స్వామీ?

"క్యాంపింగ్‌కి ట్రెయిలర్ కొందామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" అని అడిగే మనవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అడుగుతారే గానీ చెప్పింది వినరు. షోరూముకెళ్ళి ముప్ఫై అడుగుల బండిలో సోఫా, ఉత్తుత్తి ఫైర్‌ప్లేసూ చూసి మురిసిపోయి వస్తారు. ఇల్లు కొన్నప్పటి బుద్ధే! కరెంటు, నీళ్ళ కనెక్షన్లున్న క్యాంప్‌గ్రౌండ్లో దిగేవాళ్ళయితే అదే కొనుక్కోండి, నాకు పేచీ లేదు. నా గొడవంతా అడవిలోకి, ఎడారిలోకి వెళ్తామనేవాళ్ళతో.

అలా అమ్మే బండ్లలో ఎక్కువభాగం చెక్క ఫ్రేము మీద రేకో, పలచటి ఫైబర్ షీటో బిగించినవే. మూలలు, అతుకులు అన్నీ సీలెంటు దయ మీద బతుకుతాయి. గతుకుల మట్టిరోడ్డు మీద నాలుగుసార్లు ఊగితే సీలెంటు నెర్రెలిస్తుంది, నీళ్ళు చెక్కలోకి దిగుతాయి. తెలిసినాయన బండి మూడో ఏడు పైకప్పు మూల నొక్కితే వేలు లోపలికి దిగింది. వారంటీ అడిగితే "మెయింటెనెన్సు మీదే కదండీ" అన్నారట.

అచ్చు పోసిన ఫైబర్‌గ్లాస్ బండి కథ వేరు. పైచిప్ప, కిందిచిప్ప విడిగా పోసి నడుం దగ్గర కలిపేస్తారు. కిటికీల దగ్గర కారితే కారచ్చు గానీ, గోడల్లో పుచ్చడానికి చెక్క లేదు. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్ ఈ జాతికి తాతలాంటిది. దాన్ని తయారుచేసిన రే ఒలెకో అంతకుముందు ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు చేసిన మనిషి. నవ్వకండి, కారకూడదన్న సంగతి ఆయనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది! ఆ కాలపు బోలర్లు ఇప్పటికీ రోడ్ల మీద కనపడుతున్నాయి. మన తీరంలో జాలర్లు చెక్క తెప్పలు వదిలి ఫైబర్ పడవలెక్కింది ఫ్యాషన్ కోసం కాదుగా.

సరే, నా పోరు పడలేక గుడ్డు బండి (ఆకారం చూసి ఇక్కడివాళ్ళు ముద్దుగా అలాగే అంటారు) కొన్నవాళ్ళు వెంటనే మొదలెట్టేది "అప్‌గ్రేడ్". టీవీ, మైక్రోవేవ్, ఏసీ. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 100 యాంపవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్-అవర్లు. పైకప్పు ఏసీ 1,300 వాట్ల దాకా లాగుతుంది. గంట తిరక్కుండానే ఖాళీ! ఆపైన రాత్రంతా జనరేటర్ మోత. ఆ మోత వినడానికేనా అంత దూరం పోయింది?

డబ్బు చేతిలో ఉంటే బండి కింద పెట్టండి. ఈ చిన్నబండ్లలో చాలావాటికి రబ్బరు టోర్షన్ యాక్సిలే ఉంటుంది. పాతికేళ్ళయితే రబ్బరు చచ్చిపోయి బండి కిందికి కుంగుతుంది. కొత్తది వేయించేటప్పుడే రెండు మూడు అంగుళాలు ఎత్తు పెంచమనండి. టైర్లకి అరుగుదల కాదు, వయసు చూడండి. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. తర్వాత పైకప్పు ఫ్యాను, ఎల్ఈడీ దీపాలు, 200 వాట్ల సోలార్ ప్యానెల్. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు, చలికాలం వెళ్ళేవాళ్ళు దాన్ని లోపల పెట్టుకోండి.

యూటా, నెవాడాల్లో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా పైసా కట్టకుండా ఉండచ్చు. కాకపోతే మంచి చోట్లన్నీ మట్టిరోడ్డు చివర్నే ఉంటాయి. ముప్ఫై అడుగుల బండి అక్కడ తిప్పడానికి చోటుండదు, పదమూడడుగులది చేత్తో కూడా జరపచ్చు.

"అమ్మా నాన్నా వస్తేనో?" అంటారు. పెద్దవాళ్ళని బండిలో పడుకోబెట్టి, మీరు పిల్లలతో టెంటులో పడుకోండి. వాళ్ళ మనవలకి అదే ఇష్టం. వంటంటారా, ప్రెషర్ కుక్కరుకి గ్యాసు పొయ్యి చాలు. మిక్సీ మాత్రం నేనూ తీసుకెళ్తాను. కొబ్బరి చట్నీకి రెండు నిమిషాలేగా, బ్యాటరీకి అదో లెక్క కాదు.