పెద్దమ్మకి నాలుగు రోజుల సెలవు

మా పెద్దమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. డబ్బుల్లేక కాదు, భయపడీ కాదు. మా అన్నయ్యని ఎవరి దగ్గర వదలాలో తెలియక.

అన్నయ్యకి 31 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం. స్నానం చేయించాలి, అన్నం కలిపి పెట్టాలి, పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ఫిట్స్ మాత్ర వెయ్యాలి. పెద్దనాన్న పోయి ఆరేళ్లయింది. తెనాలిలో ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్లిద్దరే. ఆపరేషన్ అయ్యాక కంట్లో నీళ్లు పడకూడదు, వంగి బరువులెత్తకూడదు అన్నారు డాక్టరు. అన్నయ్యకి స్నానం చేయించడమంటే ఆ రెండూ చెయ్యడమే.

చివరికి పోయిన సెమిస్టర్ సెలవుల్లో పెద్దమ్మ ఆపరేషన్ కోసం గుంటూరు మా ఇంటికొచ్చింది, నేను తెనాలి వెళ్లాను. నాలుగు రోజులు. ముందే నాకు లాంగ్ నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసిపెట్టింది. తన స్టీలు కంచంలోనే తింటాడు. మిక్సీ వేసేముందు చెప్పాలి. సాయంత్రం నాలుగింటికి వీధి చివర బస్సులు చూపించాలి. మోటారు స్విచ్ తనే వెయ్యాలి. "మాత్ర మర్చిపోకు" అని మూడుచోట్ల ఉంది.

మొదటి రాత్రి అన్నయ్య పడుకోలేదు. గేటు దగ్గర కూర్చుని "అమ్మేది?" అని అడుగుతూనే ఉన్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. మూడో రోజు తనే నా చెయ్యి పట్టుకుని బస్సుల దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగో రోజు పెద్దమ్మ నల్లకళ్లజోడుతో ఆటో దిగింది. పరిగెత్తుకుంటూ ఎదురెళ్తాడనుకున్నాను. "మోటారేశా" అని చెప్పి లోపలికెళ్లిపోయాడు. పెద్దమ్మ నవ్వి, "కన్ను సంగతి అట్టుంచరా. మీ ఇంట్లో పొద్దున ఎనిమిదింటిదాకా పడుకున్నా. ఎన్నేళ్లయిందో!" అంది.

ఈ వ్యాసం ఆ మాట వల్లే రాస్తున్నాను.

ఇలా చూసుకునేవాళ్లకి కొన్ని గంటలో, కొన్ని రోజులో విరామం ఇవ్వడాన్ని రెస్పిట్ కేర్ అంటారు. మన దేశంలో దీని ఊసే లేదని కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద పగటిపూట చూసుకునే కేంద్రాలకి 'వికాస్', ఉండటానికి వసతి ఇచ్చే రెస్పిట్ కేర్‌కి 'సమర్థ్' అనే పథకాలు తెచ్చారు. కానీ చట్టం లక్ష్యాల్లో ఒక మాట చూడండి: కుటుంబం సంక్షోభంలో ఉన్నప్పుడు అవసరమైన సేవలు అందేలా చూడాలి అని. నా అభ్యంతరం అక్కడే. సంక్షోభం వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

మనం ఇంజనీరింగ్ వాళ్లం. బాయిలర్ పేలాక షట్‌డౌన్ తీసుకోం కదా. మరి ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు సెలవు లేకుండా పనిచేస్తున్న మనిషి సంగతి? ఆంధ్రలో అన్నయ్యకి నెలకి 6000 పింఛను వస్తుంది. ఆ డబ్బు మందులకి, బియ్యానికి ఆసరా. కానీ దాంతో పెద్దమ్మకి ఒక్క రాత్రి నిద్ర కొనలేం, నమ్మి అప్పజెప్పే మనిషి లేనప్పుడు. ఇంగ్లండ్‌లో 2014 కేర్ యాక్ట్ ప్రకారం, చూసుకునే మనిషికి ఏం సాయం కావాలో కూడా స్థానిక కౌన్సిలే అంచనా వెయ్యాలి. అక్కడంతా బాగుందని కాదు, కనీసం ఆ ప్రశ్న చట్టంలో ఉంది.

"కన్నతల్లికి బిడ్డ బరువా?" అని మా బంధువులే అన్నారు. బరువని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అలసిపోయానని కూడా అనలేని పరిస్థితి మనం కల్పించాం. ఇంకో సంగతి. ఈ విరామం అన్నయ్యకీ కావాలి. అమ్మ తప్ప ఇంకెవరూ తెలియకుండా పెరిగినవాడు, అమ్మ లేని రోజున ఒకేసారి ఎక్కడికో వెళ్లాల్సొస్తే ఎలా తట్టుకుంటాడు? ఏడాదికి నాలుగైదుసార్లు తెలిసిన చోట, తెలిసిన మనుషులతో రెండ్రోజులు ఉండటం అలవాటైతే ఆ రోజు అంత భయంకరంగా ఉండదు.

ప్రతి జిల్లా కేంద్రంలో ఒక చిన్న ఇల్లు, శిక్షణ ఉన్న నలుగురు మనుషులు, ముందుగా బుక్ చేసుకునే వీలు. నేనడిగేది ఇంతే. అది వచ్చేలోపు మనం చెయ్యగలిగింది కూడా ఉంది. మీ చుట్టాల్లో, మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. "ఏమన్నా సాయం కావాలా?" అని అడక్కండి, "అబ్బే, ఏం లేదు బాబూ" అంటారు. "ఆదివారం రెండు గంటలు నేనుంటా, నేర్పించండి" అనండి. మొదటిరోజు వాళ్లమ్మ పక్కనుండగానే చూసి నేర్చుకోండి. మందుల టైము కాగితం మీద రాయించుకోండి.

వచ్చే సెలవుల్లో నేను మళ్లీ తెనాలి వెళ్తున్నాను. ఈసారి ఆపరేషన్లేమీ లేవు. పెద్దమ్మ ఊరికే, పక్కింటావిడతో కలిసి అన్నవరం వెళ్లొస్తానంటోంది.