రాయల తలపై కుళ్ళాయి, రౌతు తలపై ఉక్కు

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. స్వామి దర్శనానికి సాగే తొందరలో ఆ లోహ విగ్రహాల దగ్గర ఆగేవారు తక్కువ. ఆగి చూస్తే రాయల తలమీద కిరీటం కనిపించదు. పొడవాటి కుళ్ళాయి కనిపిస్తుంది.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను దగ్గరనుంచి చూశాడు. ఆయన తలమీది జరీ టోపీ గలీసియా శిరస్త్రాణంలా ఉందని రాశాడు. మహర్నవమి ముగిశాక జరిగిన సేనాప్రదర్శనలో రౌతులను ఇంకా శ్రద్ధగా గమనించాడు. వాళ్ల శిరస్త్రాణాలకు మెడను కప్పే అంచులున్నాయి, ముఖాన్ని కాపాడే భాగముంది. అద్దంలా మెరిసే ఉక్కు గురించీ చెప్పాడు.

ఆ వర్ణన చదువుతుంటే రోమన్ సైనికుడు గుర్తుకు రాక మానడు. అతని శిరస్త్రాణానికీ వెనక మెడమీదికి వాలిన వెడల్పాటి రేకు, చెంపలకు కీళ్లతో వేలాడే రేకులు ఉండేవి. చెవులు మాత్రం మూసేవారు కాదు, ఆజ్ఞ వినపడాలి కదా! ఆ రూపంలో చాలాభాగం గాల్ కమ్మరుల దగ్గర నేర్చుకున్నదే. క్రీ.శ. 101-106 మధ్య డేసియా యుద్ధాల్లో కొడవలిలా వంగిన కత్తులు నడినెత్తిన పడుతుంటే, పైన ఇనుప పట్టీలను అడ్డంగా, నిలువుగా బిగించుకున్నారు.

అవసరమైనది ఇతరుల నుంచి తీసుకోవడం బలహీనత కాదు. కుళ్ళాయి కూడా పారశీక ప్రపంచం నుంచి వచ్చి విజయనగర సభలో గౌరవ చిహ్నమైంది. కర్ణాట రాజసభకు వెళ్లిన శ్రీనాథుడూ దాన్ని పెట్టుకోక తప్పలేదని ఆయన చాటువు చెబుతుంది. తిరుమల విగ్రహంలో రాయల ఛాతీమీద అంగీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. స్వామి ముందు అన్నీ విడిచినా కుళ్ళాయి మిగిలింది. ఆ కాలపు వేషధారణకు ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం అరుదు.

రోమన్ శిరస్త్రాణం ఎలా ఉంటుందో మన పిల్లలకు సినిమాలు ఎప్పుడో చూపించేశాయి. విజయనగర రౌతు తలమీద ఏముండేదో చూపే బాధ్యత మనదే. తిరుపతికి దగ్గర్లోనే ఉన్న చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో, తిరుమల మ్యూజియంలో పేస్ వర్ణనను తెలుగులో రాసి, పక్కనే దాని ప్రకారం గీసిన బొమ్మ పెట్టాలి. పురావస్తు శాఖ, తితిదే కలిసి ఈ పనికి పూనుకోవాలి.