అదనపు మరణాలు: ‘ఎందుకు’ తేలాలంటే ‘దేనివల్ల’ నమోదు కావాలి

న్యూఢిల్లీ: వ్యాయామం చేస్తూనో, పెళ్లిలో నృత్యం చేస్తూనో యువకులు కుప్పకూలిన దృశ్యాలు వెలుగుచూసిన ప్రతిసారీ వేళ్లు కొవిడ్ టీకా వైపే చూపుతున్నాయి. 2025లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాలపై ఆందోళన నెలకొన్నప్పుడు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సైతం టీకాలపై సందేహం వ్యక్తం చేశారు. కేంద్ర ఆరోగ్యశాఖ దానిని తోసిపుచ్చింది. ఇంతకీ ఆధారాలు ఏం చెబుతున్నాయి?

లెక్కల్లో అంతరం

సాధారణ పరిస్థితుల్లో సంభవించగలవని అంచనా వేసిన సంఖ్యను మించినవే అదనపు మరణాలు. పౌర నమోదు వ్యవస్థ ప్రకారం దేశంలో 2020లో సుమారు 81 లక్షలు, 2021లో దాదాపు 1.02 కోట్ల మరణాలు నమోదయ్యాయి. ఈ పెరుగుదలంతా కొవిడ్ వల్లనే అనలేం. నమోదు మెరుగుపడటమూ ఒక కారణమే. అయితే ఆ రెండేళ్లలో భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేయగా, అధికారిక కొవిడ్ మరణాలు 4.81 లక్షలే. ఆ అంచనా పద్ధతిపై కేంద్రం అభ్యంతరం తెలిపింది.

అధ్యయనం తేల్చిందేమిటి?

18-45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల పరిధిలో జరిపిన అధ్యయనం టీకా వల్ల ముప్పు పెరగలేదని 2023లో వెల్లడించింది. రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తక్కువగా కనిపించింది. గతంలో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, మరణానికి ముందు 48 గంటల్లో మితిమీరిన మద్యపానం, తీవ్ర శారీరక శ్రమ ముప్పును పెంచిన అంశాలని పేర్కొంది. అయితే ఈ తరహా అధ్యయనం ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పగలదు. దేశంలో ఇలాంటి మరణాలు పెరిగాయో లేదో చెప్పలేదు.

అసలు లోపం

దానికి సమాధానం మరణ ధ్రువపత్రాల్లో దొరకాలి. 2021లో నమోదైన మరణాల్లో దాదాపు 23 శాతానికే వైద్యులు కారణాన్ని ధ్రువీకరించారు. ‘గుండె ఆగిపోవడం’ అని రాసినా ప్రయోజనం లేదు. అది మరణించిన తీరే తప్ప మూలకారణం కాదు. ఈ లోపం గణాంకాలకే పరిమితం కాలేదు. సుప్రీంకోర్టు ఆదేశాల అనంతరం ప్రకటించిన రూ.50 వేల పరిహారానికి కొవిడే కారణమన్న ధ్రువీకరణ తప్పనిసరైంది.

2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం, ఆసుపత్రులు మరణ కారణాన్ని రిజిస్ట్రారుకు తెలపాలని, ప్రతిని బంధువుకు ఇవ్వాలని నిర్దేశించింది. ఇళ్లలో, వైద్యుడు చూడకుండానే సంభవించే మరణాలకు ఇది చాలదు. వాటికీ కారణం నమోదయ్యే వరకు శాస్త్రం నింపాల్సిన ఖాళీని వదంతులే ఆక్రమిస్తాయి.