దారి యడుగుట సిగ్గు గాదు

చదువు వచ్చినవాడు అన్నియు నెరుగునని బాల్యమునందు మన మనుకొందుము. ఆ భ్రమ నాకు పన్నెండవ యేట తొలగినది. దానిని తొలగించినవాడు అక్షరము రాని మా తండ్రి.

అది 1974వ సంవత్సరము, జనవరి మాసము. సంక్రాంతి గడచిన పిదప నాయన నాకు నాంపల్లి నుమాయిషు చూపుటకై బయలుదేరెను. తెల్లవారుజామున సూర్యాపేటలో బస్సెక్కితిమి. చలికి పండ్లు కటకటలాడుచుండెను. నాయన తన గొంగడిని నాకు కప్పి, తాను తువ్వాలును చెవులకు చుట్టుకొనెను. టేకుమట్ల వంతెన దాటునప్పుడు క్రింద ఏటిపై మంచు తెరవలె నిలిచియుండెను. నకిరేకల్లు, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ – ఊరు వచ్చినప్పుడెల్ల నేను పేరును బిగ్గరగా చదువుచుంటిని. నాయన తల యూచుచుండెను. నా గర్వము ఊరూరికి పెరుగుచుండెను.

చాదర్‌ఘాటు వంతెన మీదికి బస్సు వచ్చినప్పుడు నాయన, “బిడ్డా, పొద్దున మనం దాటొచ్చిన ఏరే ఇది” అనెను. నేను తెల్లబోతిని. మూసీనది హైదరాబాదు మీదుగా పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలియునని భూగోళ పాఠములో వల్లించితిని. కాని పుస్తకములోని మూసీయు, మా దారిలోని యేరును ఒక్కటేయని నాకెన్నడును తోచలేదు.

గౌలిగూడ బస్సుస్టాండులో దిగి, కోఠి మీదుగా ఆబిడ్సునకు నడచితిమి. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అచట నడిపిన దుకాణమును బట్టి ఆ ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. అచట నాయన కనబడినవారినెల్ల నాంపల్లికి దారి యడుగసాగెను. రిక్షావాని నడిగెను, పండ్ల బండివాని నడిగెను, పెద్ద తపాలా కార్యాలయము ముందు నిలిచిన ముసలివాని నడిగెను. భుజమున గొంగడి, నోట సగము తెలుగు, సగము ఉర్దూ. జనులు నవ్వుదురేమోనని నాకు సిగ్గు కలిగెను. పదియడుగులు వెనుకబడి, ఆయన యెవరో, నే నెవరో యన్నట్లు నడచితిని.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిన ఆ ప్రదర్శనము 1946లో నాంపల్లి మైదానమునకు మారినది. దాని యాదాయముతో విద్యాసంస్థలు నడుచుచున్నవి. లోపల జనసముద్రము. అచటనే నేను తప్పిపోతిని. దీపములు వెలిగినవి. బోర్డులన్నియు చదువగలిగితిని. కాని నాయన యెచట నున్నాడో ఏ బోర్డు మీదను వ్రాసి లేదు. ఎవరినైన అడుగుదమన్న నోరు రాలేదు. కాశ్మీరు శాలువల దుకాణము ప్రక్కన నిలిచి యేడ్చితిని.

చాలసేపటికి నాయన గొంతు వినబడెను. చేతితో నా యెత్తు చూపుచు, “ఇంతున్న పిల్లగాణ్ణి చూసిన్రా?” అని దుకాణము దుకాణమునకు అడుగుచు వచ్చుచుండెను. ఏ యడుగుటకు నేను సిగ్గుపడితినో, ఆ యడుగుటయే నన్ను ఆయనకు చేర్చినది. ఆయన నన్ను కోపింపలేదు. చలి హెచ్చినదని గొంగడి తీసి నాకు కప్పెను.

చదువు వ్యర్థమని నా యభిప్రాయము గాదు. తిరుగు ప్రయాణమున మా బస్సేదో బోర్డు చదివి చెప్పినవాడను నేనే. ఆయన యెరుకయు, నా చదువును కలిసిననే మే మిల్లు చేరితిమి. నేడు అరచేతిలోని ఫోను దారి చూపుచున్నది. అది మేలే. కాని ఫోను నడిగినవానికి దారి మాత్రమే తెలియును. మనుష్యుల నడిగినవానికి మనుష్యులును తెలియుదురు.

బాలబాలికలారా! తల్లిదండ్రులతో ప్రయాణము చేయునప్పుడు వారి ప్రక్కన నడువుడు. వారి మాటకును, వేషమునకును సిగ్గుపడకుడు. దారిలోని యేళ్లను, చెట్లను గూర్చి వారి నడుగుడు.

ఆనాడు నేను కావలెననియే వెనుకబడితినని నాయనకు ఎన్నడును చెప్పలేకపోతిని. దారిలో ప్రతివానిని పలుకరించి యడిగిన ఆయన, ఆ యొక్క మాట మాత్రము నన్ను అడుగలేదు.